తూర్పువారి ఉగాది

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



కొత్త కేలెండరు ఇంట్లోకి రాగానే అందరి కళ్ళూ ముందు ఎర్ర అంకెల మీదికే పోతాయి. పిల్లలు బడి సెలవులు లెక్క చూసుకుంటారు. మగవాళ్ళు, "ఈసారి పండగ ఆదివారం పడింది, ఒక సెలవు పోయింది" అని నిట్టూరుస్తారు. మనమేమో ఎన్ని గారెలకు పప్పు నానబొయ్యాలి, ఎందరు చుట్టాలు వస్తారు అని లెక్క వేసుకుంటాం. అసలు ఆ ఎర్ర అంకె అక్కడికి ఎలా వచ్చి చేరిందని ఎప్పుడైనా ఆలోచించామా? నేనూ ఆలోచించలేదు, మా పక్కవాటాలోకి ఒక బెంగాలీ కుటుంబం దిగేవరకూ.

ఆ ఏడు ఉగాదినాడు ఆవిడకు గిన్నెతో పచ్చడి పంపించాను. గిన్నె తిరిగి తెచ్చిస్తూ, "దీదీ, మీ కొత్త సంవత్సరం వచ్చేసింది, మాకింకా రాలేదు" అన్నది. "మీకెప్పుడమ్మా?" అంటే, "వైశాఖం ఒకటో తేదీ" అన్నది. నాకు నవ్వొచ్చింది. వైశాఖానికి పాడ్యమి, విదియ ఉంటాయి గాని ఒకటో తేదీ, రెండో తేదీ ఏమిటి! తరవాత తీరిగ్గా నాలుగు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, నవ్వవలసింది నా తెలివికేనని. అలా తెలుసుకున్న సంగతులే ఇవాళ మీతో చెప్పుకుందామనుకుంటున్నాను.

మన ఉగాది చాంద్రమానం. చైత్ర శుద్ధ పాడ్యమి ఎప్పుడు వస్తే అప్పుడే మనకు ఉగాది. అందుకే ఒక ఏడు మార్చిలో వస్తుంది, ఇంకో ఏడు ఏప్రిల్లో వస్తుంది. మరి సంక్రాంతి? అది మాత్రం ఏటా జనవరి 14న, లేకపోతే 15న వచ్చి తీరుతుంది. ఎందుకంటే అది సూర్యుడు మకరరాశిలోకి వెళ్ళే రోజు. అదే సూర్యుడు మూడు నెలలు నడిచి మేషరాశిలోకి వెళ్ళినప్పుడు అస్సామీయులకు, బెంగాలీలకు ఏడాది మారుతుంది. వాళ్ళ నెలలు సూర్యుడి నెలలు కాబట్టి వాటికి ఒకటో తేదీ, రెండో తేదీ ఉంటాయి. తమిళుల పుత్తాండు, మలయాళీల విషు, ఒరియావారి పణా సంక్రాంతి, పంజాబీల బైసాఖీ అన్నీ ఆ రెండు రోజుల్లోనే వస్తాయి. అన్నట్టు, అస్సామీయులు తమ పండగను బిహు అంటారు. విషువమనే సంస్కృత పదం నుంచి ఆ పేరు వచ్చిందని ఒక మాట. బోడోలు బ్వైసాగు అనీ, దేవరీలు బిసు అనీ అంటారు కాబట్టి ఆ పేరు ఆ తెగల భాషల నుంచే వచ్చిందని ఇంకో మాట. బ్రహ్మపుత్ర ఒడ్డున అందరూ కలిసి బతికారు. పేరు ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయిందో విడదీసి చెప్పడం కష్టమే.

ఇక బెంగాలీ సంవత్సరానికి అంకె ఎలా వచ్చిందో చూద్దాం. మనకు ప్రభవ, విభవ మొదలుకొని అక్షయ దాకా 60 పేర్లున్నాయి. వాళ్ళకు పేర్లు లేవు, అంకెలే. 2024 ఏప్రిల్లో వాళ్ళకు 1431వ సంవత్సరం మొదలయింది. ఇది శాలివాహన శకం కాదు, విక్రమ శకమూ కాదు. మరేమిటి?

ఎక్కువమంది చెప్పే కథ ఇది. మొగలాయి చక్రవర్తుల కచేరీల్లో హిజరీ సంవత్సరం నడిచేది. దానికి 354 రోజులే. పంటలు చంద్రుణ్ణి చూసి పండవు కదా! ఏడాదికి 11 రోజుల చొప్పున తేడా పడుతూ, మూడేళ్ళకు నెల తేడా వస్తుంది. ఒకప్పుడు గాదె నిండిన తరవాత వచ్చే శిస్తు గడువు, కొన్నేళ్ళకు పైరు ఇంకా పొలంలో ఉండగానే వచ్చి నెత్తిన కూర్చుంటుంది. గింజ ఇంటికి రాకుండా పన్ను కట్టమంటే రైతు ఏం చేస్తాడు? అప్పు చేస్తాడు. ఆ అప్పుకు ముందు ఏ ఇంట్లో దేనికి కాళ్ళొస్తాయో మీకు వేరే చెప్పాలా? ఇల్లాలి మెడలోని పుస్తెలతాడుకే.

అక్బరు ఈ చిక్కు తీర్చడానికి 1584లో కొత్త లెక్క పెట్టించాడు. లెక్క వేసినవాడు ఫతుల్లా షిరాజీ అనే పండితుడు. ఆయన అక్బరు కొలువులో చేరకముందు మన దక్కనులోని బీజాపూరు కొలువులో ఉన్నవాడే. అక్బరు గద్దె ఎక్కిన 1556 హిజరీలో 963. అక్కడినుంచి చంద్రుణ్ణి వదిలేసి సూర్యుడి లెక్కన ఏళ్ళు కలుపుతూ పోయారు. కావాలంటే మీరే వేసి చూడండి. 1556 నుంచి 2024కు 468 ఏళ్ళు. 963కు 468 కలిపితే 1431. సరిపోయింది కదూ!

ఈ లెక్క మనకూ కొత్తది కాదు. మీ పుట్టింటి పొలం కాగితాలు ఎప్పుడైనా చూశారా? అడంగల్లోనో, పహాణీలోనో ఫసలీ అని ఒక సంవత్సరం వేసి ఉంటుంది. ఫసల్ అంటే పంట. ఆ ఫసలీ లెక్క కూడా అక్బరు కాలంలో పుట్టిందే, షాజహాను రోజుల్లో దక్కనుకు వచ్చింది. అంటే బెంగాలీవారి ఉగాదీ, మన పట్టాదారు కాగితంలోని ఫసలీ అక్కచెల్లెళ్ళన్నమాట. ఒకటి పండగై వీధిలోకి వచ్చింది, ఒకటి కరణంగారి దస్త్రంలోనే ఉండిపోయింది.

అయితే ఈ కథను అందరూ ఒప్పుకోరు. 7వ శతాబ్దం మొదట్లో గౌడదేశాన్ని ఏలిన శశాంకుడి కాలం నుంచే ఈ అబ్దం నడుస్తున్నదని కొందరి వాదం. 593 నుంచి లెక్కపెట్టినా అంకె సరిగ్గా కుదురుతుంది మరి! వైశాఖం, జ్యేష్ఠం అనే నెలల పేర్లు అక్బరుకన్నా ఎంతో పాతవనడంలో మాత్రం సందేహం లేదు. పాత పంచాంగపు నెలల మీద పాదుషాగారి శిస్తు లెక్క వచ్చి కూర్చున్నదనుకుంటే రెండు పక్షాలకూ కొంత న్యాయం జరుగుతుంది.

శిస్తు లెక్కగా మొదలయింది కాబట్టి ఆ రోజు జమీందారీ కచేరీలో పెద్ద తతంగం ఉండేది. దాన్ని పుణ్యాహ అనేవారు. మనకు పుణ్యాహమంటే పురోహితుడు నీళ్ళు చల్లడం. వాళ్ళకేమో రైతులు కొత్త ఏటి శిస్తు తొలి వాయిదా తెచ్చి జమీందారు ముందు పెట్టడం! జమీందారు తాంబూలం, మిఠాయి ఇచ్చేవాడు. 1793లో ఇంగ్లీషువారు శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాక జమీందారు నెత్తిన కూడా కత్తి వేలాడింది. గడువు రోజున పొద్దు గూకేలోగా పైకం కట్టకపోతే జమీ వేలానికి పోయేది. ఆ ఒత్తిడి అంతా కిందికి దిగి ఎవరి మీద పడేదో చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ రోజుల్లో చైత్రం ఆఖరంటే పేద రైతు ఇంట్లో పండగ కళకంటే గుండెదడే ఎక్కువ. 1950 తరవాత తూర్పు బెంగాలులోనూ, 1953 చట్టంతో పశ్చిమ బెంగాలులోనూ జమీందారీలు పోయాయి. వాటితో పుణ్యాహ కూడా పోయింది.

పోనిది హాల్‌ఖాతా. అంటే కొత్త పద్దు పుస్తకం. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకం అది. పొయిలా బైశాఖ్ నాడు, అంటే వైశాఖం ఒకటో తేదీన, తెల్లవారుజామునే కలకత్తా వర్తకులు ఆ పుస్తకాన్నీ, లక్ష్మీగణపతుల బొమ్మలనూ పట్టుకుని కాళీఘాట్ ముందో, దక్షిణేశ్వరం ముందో బారులు తీరతారు. మొదటి పేజీలో కుంకుమతో స్వస్తిక్ గుర్తు వేయించుకుంటారు. సాయంత్రం ఖాతాదారులను దుకాణానికి పిలుస్తారు. వెళ్ళినవారు పాత బాకీ తీర్చి, కొత్త పద్దుకు ఎంతో కొంత జమ కట్టి, మిఠాయి పొట్లం, కేలెండరు పుచ్చుకుని వస్తారు. ఒక్క విషయం గమనించండి. ముస్లిం వర్తకుడి కొట్టుకు హిందువూ, హిందువు కొట్టుకు ముస్లిమూ వెళ్ళే రోజు ఇది. బాకీకి మతం లేదు కదా! మా పక్కింటావిడ చెప్పింది: "దీదీ, నా చిన్నప్పుడు మా నాన్న చెయ్యి పట్టుకుని నాలుగు కొట్లు తిరిగేదాన్ని. ఎవరి పొట్లంలో ఎన్ని సందేశ్‌లున్నాయో రాత్రి అక్కచెల్లెళ్ళం కూర్చుని లెక్కపెట్టుకునేవాళ్ళం."

ఇక ఆడవాళ్ళ సందడి చైత్రమాసం మొదలు కాగానే ఆరంభమవుతుంది. వర్తకులు పాత సరుకు వదిలించుకోవాలి కాబట్టి చైత్రపు తగ్గింపు ధరలు పెడతారు. గరియాహాట్, హాతీబాగాన్ బజార్లలో కాలు పెట్టడానికి చోటుండదు. ఇల్లు దులపడం, కొత్త బట్టలు కొనడం మన ఉగాది ముచ్చటే. చైత్ర సంక్రాంతినాడు చేదు కూర ఒకటి తినాలన్న ఆనవాయితీ చాలా ఇళ్ళలో ఉంది. మన వేపపువ్వు గుర్తుకొస్తున్నదా? తీపికి ముందు కాస్త చేదు నోట వేసుకోవాలని ఇటు మన అత్తగార్లకూ, అటు వాళ్ళ అత్తగార్లకూ ఎవరు నేర్పారో గాని, మాట ఒకటే.

ఇదంతా బజారు వైపు నుంచి చూసిన బెంగాలు. ఇప్పుడు బ్రహ్మపుత్ర లోయకు వెళదాం. అక్కడ ఇదే రోజున పద్దు పుస్తకం కనబడదు. పశువు, పొలం, మగ్గం కనబడతాయి.

అస్సామీయులకు ఏడాదిలో మూడు బిహులు. కార్తీకంలో వచ్చేది కాతి బిహు. అప్పటికి గాదెలు ఖాళీ కాబట్టి దానికి కొంగాలీ, అంటే లేమి బిహు అని పేరు. తులసికోట దగ్గర, పొలం గట్టున దీపం పెట్టి ఊరుకుంటారు. కోతలయ్యాక మాఘ్ బిహు. అది భోగాలీ, అంటే తిండి పండగ. అది మన సంక్రాంతి రోజుల్లోనే వస్తుంది. మూడవది వైశాఖంలో వచ్చే బొహాగ్ బిహు. దానికే రొంగాలీ, అంటే సరదాల బిహు అని పేరు. సంవత్సరాది అదే.

చైత్రం ఆఖరి రోజు గొరు బిహు, పశువులది. మనం కనుమనాడు చేసే పనే వాళ్ళు అప్పుడు చేస్తారు. మినుములు, పసుపు నూరి పశువులకు పట్టించి, ఏటికి తోలుకువెళ్ళి కడుగుతారు. సొరకాయ, వంకాయ ముక్కలు వాటి మీద విసురుతూ, ఏటికేడాదీ పెరగమని దీవిస్తారు. ఆకు రెమ్మలతో వీపు మీద మెల్లగా తడతారు. సాయంత్రం కొట్టంలో మూలికల పొగ వేసి, ఈగలనూ దోమలనూ తోలి, కొత్త పలుపుతాళ్ళతో కట్టేస్తారు. పాత తాడు ఆ రోజుతో సరి.

మర్నాడు మానుహ్ బిహు, మనుషులది. ముందు పశువు, తరవాతే మనిషి. ఆ వరస నాకెంతో నచ్చింది. తలంటుకుని, పెద్దలకు మొక్కి, వాళ్ళ చేతుల్లో గామోసా పెడతారు. తెల్లని గుడ్డకు ఎర్రని అంచు, ఎర్రని పువ్వులు నేసిన తుండుగుడ్డ అది. మనకు తుండుగుడ్డంటే ఒళ్ళు తుడుచుకునేది. వాళ్ళకూ ఆ పేరుకు అర్థం అదే. కాని నామఘర్ అనే ప్రార్థన మందిరంలో పవిత్ర గ్రంథం మీద కప్పేది గామోసా, ఇంటికొచ్చిన అతిథి మెడలో వేసేది గామోసా, నాట్యమాడేవాడు తలకు చుట్టేది గామోసా. బిహునాడు ఇచ్చేదాన్ని బిహువాన్ అంటారు. అది ఇంటి ఆడపడుచు చేత్తో నేసిందయితేనే దానికి విలువ. అందుకే చైత్రమాసమంతా ఇంటింటా మగ్గం చప్పుడు. పగలు పొలం పని, వంట పని ముగించుకుని, రాత్రి దీపం పెట్టుకుని నేసేవారు. 1921లో అస్సాం వెళ్ళిన గాంధీగారు ఆ స్త్రీల నేత చూసి ముచ్చటపడి, తమ పత్రికలో రాశారు కూడా.

పండగ తిండి కూడా తెలివైనదే. అటుకులు, పెరుగు, బెల్లం, బియ్యప్పిండితో చేసిన పీఠాలు, కొబ్బరి లడ్లు, నువ్వుల లడ్లు. అక్కడ ఒక రకం బియ్యముంది, దాన్ని పొయ్యి మీద పెట్టక్కరలేదు. నీళ్ళలో నానబెడితేనే మెత్తని అన్నమవుతుంది. పండగపూట పొయ్యి ముందునుంచి కదలలేని మనకు ఆ బియ్యం దొరికితే ఎంత బాగుండునో కదా!

ఇక బిహు ఆట. డోలు, గేదెకొమ్ముతో చేసిన పేపా అనే బూర, వెదురు గొగోనా మోగుతుంటే, ముగా పట్టు మేఖలా చాదర్ కట్టి, కొప్పులో కొపౌ పువ్వు తురిమి అమ్మాయిలు ఆడతారు. హుసొరి దళాలు ఇంటింటికీ వచ్చి వాకిట్లో పాడి, గృహస్థును దీవించి, పళ్ళెంలో పెట్టిన పోకచెక్క, తమలపాకు పుచ్చుకుని వెళతాయి. పాతరోజుల్లో జెంగ్ బిహు అని ఒకటుండేది. రాత్రివేళ చెట్టు కింద ఆడవాళ్ళు మాత్రమే చేరి, మగవాడి నీడ పడనివ్వకుండా పాడుకునేవారు. మన బతుకమ్మ, అట్లతద్ది పాటలలాగే మనసులోని మాట పైకి చెప్పుకునేందుకు అదొక చోటు.

ఆ పాటల్లో ప్రేమ ఎక్కువ, దాపరికం తక్కువ. అందుకే ఇంగ్లీషు చదువుల కాలంలో పెద్దమనుషులు, మిషనరీలు బిహును మోటు ఆట అన్నారు. మంచి ఇళ్ళ పిల్లలు చూడకూడదన్నారు. అంతకు ముందు అహోం రాజులకు ఆ పట్టింపు లేదు. శివసాగరంలో ప్రమత్తసింహుడు 18వ శతాబ్దం నడుమ ఇటుకలతో కట్టించిన రంగఘర్ ఈనాటికీ ఉంది. బోర్లించిన పడవలాంటి కప్పు, రెండంతస్తులు. అక్కడ కూర్చుని రాజులు బిహునాటి ఆటలు, దున్నపోతుల పందాలు చూసేవారు. రాజు మెచ్చిన ఆట నడమంత్రపు మర్యాదల పాలిట వెలి అయింది. తిరిగి నగరం దాన్ని నెత్తికెత్తుకున్నది 1952లో, గౌహతిలోని లతాసిల్ మైదానంలో వేదిక కట్టి, రాధాగోవింద బరువా మొదలైనవారు బిహు సమ్మేళనం మొదలుపెట్టినప్పుడు. 2023 ఏప్రిల్లో అదే గౌహతిలో 11 వేలమందికి పైగా కళాకారులు ఒక్కసారి బిహు ఆడి గిన్నిస్ పుస్తకానికెక్కారు. వెలివేసిన ఆటే రాష్ట్రానికి ముఖమయింది!

కాని ఆట వేదిక ఎక్కినంత సులువుగా మగ్గం నిలబడలేదు. బయటినుంచి మరమగ్గాల గామోసాలు చవగ్గా వచ్చి పడ్డాయి. బిహు వస్తే చేతినిండా పని దొరికే ఇల్లాలికి, బిహు బజారులోనే పోటీ ఎదురయింది. 2019-20 లెక్కల ప్రకారం మన దేశంలో చేనేత పనివారు అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఉన్నది అస్సాములోనే. దేశం మొత్తం మీద ఆ పనివారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అందుకే 2022 డిసెంబరులో గామోసాకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, 2023లో మరమగ్గం గామోసాల అమ్మకాన్ని అస్సాం ప్రభుత్వం నిషేధించినప్పుడు, అది వట్టి గౌరవం సంగతి కాదు, కూడు సంగతి. మన పోచంపల్లి, మంగళగిరి నేతవారి ఇళ్ళు చూసినవారికి ఈ బాధ తెలుసు.

అస్సాములో పండగను చిన్నచూపు చూసినవారు ఇంటి పెద్దమనుషులు. సరిహద్దు దాటితే, తూర్పు బెంగాలులో ఏకంగా ప్రభుత్వమే పండగకు అడ్డు నిలబడింది. ఇప్పుడు మనం మొదట అనుకున్న ఎర్ర అంకె దగ్గరికి వస్తున్నాం.

1947లో దేశం రెండయింది, బెంగాలూ రెండయింది. తూర్పు భాగం పాకిస్తానులో చేరింది. అక్కడి పాలకులకు బెంగాలీ భాష, రవీంద్రుడి పాట, వైశాఖ పండగ అన్నీ హిందూ వాసనలే అనిపించాయి. భాష కోసం 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు ప్రాణాలిచ్చారు. 1954 ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి అయిన ఫజ్లుల్ హక్, వైశాఖం ఒకటిని సెలవుదినంగా ప్రకటించాడు. కేలెండరులో ఎర్ర అంకె పడింది. రెండు నెలలు తిరక్కుండానే ఆయన ప్రభుత్వాన్ని కరాచీ పాలకులు రద్దు చేసేశారు.

సర్కారు ఇచ్చిన సెలవు సర్కారుతోనే పోవచ్చు. పాట అలా పోదు. 1961లో రవీంద్రుడి శతజయంతి వచ్చింది. పైవారికి ఇష్టం లేకపోయినా ఢాకాలో కొందరు దాన్ని జరిపి తీరారు. ఆ జరిపినవారే కలిసి ఛాయానట్ అనే సంగీత సంస్థ పెట్టారు. దానికి మొదటి అధ్యక్షురాలు కవయిత్రి సూఫియా కమాల్. ముందు నిలిచినవారిలో గాయని, అధ్యాపకురాలు సంజీదా ఖాతూన్ ఒకరు. 1967 ఏప్రిల్లో వాళ్ళు ఢాకా రమ్నా పార్కులో ఒక పెద్ద చెట్టు కింద, పొద్దు పొడిచే వేళకు కూర్చుని పాటలతో కొత్త సంవత్సరాన్ని పిలిచారు. ఆ చోటును మర్రిమొదలు అంటారు గాని, నిజానికి అది రావిచెట్టు! సరిగ్గా ఆ ఏడు జూనులోనే, రవీంద్రుడి పాటల్లో దేశానికి పడనివాటిని రేడియోలో వేయబోమని పాకిస్తాను మంత్రి ప్రకటించాడు.

ఒక్క నిమిషం ఆలోచించండి సోదరీమణులారా. మనం వంట చేసుకుంటూ రేడియో పెట్టుకుంటాం. ఒకనాడు ఉన్నట్టుండి, ఇవాళ్టినుంచి త్యాగరాజ కీర్తన వినబడదు, ఎంకి పాట వినబడదు అంటే ఎలా ఉంటుంది? ఢాకా ఇల్లాళ్ళు ఏం చేశారంటే, రేడియోలో లేని పాటను పిల్లలకు ఇంట్లో నేర్పారు. ఏడాదికొకసారి ఎర్రంచు తెల్లచీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని, పిల్లల చెయ్యి పట్టుకుని రమ్నా చెట్టు కిందికి వెళ్ళారు. బొట్టు పెట్టుకున్నవారిలో ముస్లిం స్త్రీలే ఎక్కువ. అది మతం బొట్టు కాదు, మా అమ్మమ్మల నుంచి వచ్చింది మేము వదలం అని చెప్పే బొట్టు.

1971 ఏప్రిల్లో చెట్టు కింద పాట లేదు. మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. ఆ డిసెంబరు 16న బంగ్లాదేశ్ పుట్టింది. మరుసటి వైశాఖానికి చెట్టు కింద మళ్ళీ పాట వినిపించింది. ఈసారి సెలవు సొంత ప్రభుత్వం ఇచ్చింది.

అయినా కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 2001 ఏప్రిల్ 14 ఉదయం, పాట జరుగుతుండగానే రమ్నాలో బాంబులు పేలాయి. పదిమంది చనిపోయారు. మరుసటి ఏడు ఆ చెట్టు కిందికి ఎవరొస్తారు, ఏ తల్లి బిడ్డను పంపుతుంది అనుకున్నారు. వచ్చారు. పాడారు. కరోనా వచ్చిన 2020, 2021లలో మాత్రం చెట్టు కింద చేరలేక, ఎవరి ఇళ్ళలో వారు ఉండి పాటలు విన్నారు. సంజీదా ఖాతూన్ 2025 మార్చిలో, కొత్త సంవత్సరం మూడు వారాలుందనగా కన్నుమూశారు. ఆమె లేని ఆ ఏటి పండగ కూడా చెట్టు కిందే జరిగింది.

ఢాకాలో ఇంకో ముచ్చట ఊరేగింపు. 1989లో, సైనిక నియంతృత్వం నడుస్తున్న రోజుల్లో, విశ్వవిద్యాలయపు చిత్రకళా విద్యార్థులు కాగితంతో, వెదురుతో పెద్దపెద్ద పులులు, గుడ్లగూబలు, ఏనుగులు చేసి వీధిలోకి తెచ్చారు. నోరు విప్పడానికి వీల్లేనప్పుడు బొమ్మల చేత మాట్లాడించారన్నమాట. తరవాత దానికి మంగళ శోభాయాత్ర అని పేరొచ్చింది. 2016లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. 2025లో మంగళ అన్న మాట తీసి ఆనంద శోభాయాత్ర అని పేరు మార్చారు. దాని మీద వాదోపవాదాలు బాగానే జరిగాయి. పండగ పేరు కోసం కూడా పెద్దలు తగవులాడుకుంటారు. పిల్లలు మాత్రం బొమ్మలు చూస్తారు.

ఢాకా పండగ తిండి చెబితే మీరు నవ్వుతారు. పంతా భాత్, అంటే మన చద్దన్నమే! దానితో వేయించిన ఇలీష్ చేప. గోదావరి జిల్లాలవారు పులస అని ప్రాణం పెడతారే, ఆ జాతి చేపే అది. ఇది పూర్వాచారమేమీ కాదు, 1980ల నుంచి పట్నంవాళ్ళు పెట్టుకున్న సరదా. పల్లెలో పేదవాడి చద్దన్నం పట్నంలో పండగ భోజనమయింది. ఇంకో మాట, ఇల్లాళ్ళకు నచ్చే మాట చెబుతాను. బంగ్లాదేశ్ ప్రభుత్వోద్యోగులకు 2016 నుంచి వైశాఖానికి మూలవేతనంలో నూటికి 20 చొప్పున పండగ భత్యం ఇవ్వడం మొదలుపెట్టారు. ఈద్‌కు ముస్లింలకు, పూజలకు హిందువులకు వేరువేరుగా అందేది. ఇది మాత్రం అందరికీ ఒకేసారి.

మరి మా పక్కింటావిడకు ఏప్రిల్ 15, ఢాకావారికి 14 ఎందుకంటారా? 1966లో మహమ్మద్ షహీదుల్లా అనే భాషాపండితుడి అధ్యక్షతన ఢాకాలో ఒక సంఘం కూర్చుని పంచాంగాన్ని సరిచేసింది. ఏ నెలకు ఎన్ని రోజులో స్థిరంగా పెట్టింది. బంగ్లాదేశ్ 1987లో దాన్ని అమలులో పెట్టింది. అందుకని అక్కడ ఏటా ఏప్రిల్ 14 ఖాయం. పశ్చిమ బెంగాలువారు పాత పంచాంగం వదల్లేదు. సూర్యుడు రాశి మారిన మర్నాడు వాళ్ళకు ఒకటో తేదీ, కాబట్టి సాధారణంగా 15. తమాషా ఏమిటంటే, ఇలా సరిచెయ్యడానికి దారి చూపిన శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా ఢాకా దగ్గరి పల్లెలో పుట్టి, కలకత్తాలో స్థిరపడినవాడు. ఆయన సంఘం సిఫార్సు చేసినదే మన భారత జాతీయ పంచాంగం, 1957లో వచ్చింది. రేడియోలో పొద్దున్నే చెబుతారే శకం తేదీ, అదే. దాని చైత్రం ఒకటో తేదీన మాత్రం ఎవరింటా పండగ లేదు! చూశారా, పండితులు దిద్దితే లెక్క వస్తుంది, పండగ రాదు. పండగ వంటింట్లోంచి, మగ్గంలోంచి, గొంతులోంచి రావాలి.

1941లో వైశాఖం ఒకటినే శాంతినికేతనంలో రవీంద్రుడి 80వ పుట్టినరోజు జరిపారు. అసలు పుట్టినరోజు వైశాఖం 25. కాని ఎండలకు అక్కడ నీళ్ళెద్దడి వస్తుందని ముందే చేసేవారు. ప్రపంచం యుద్ధంలో కాలిపోతున్నది, ఆయన ఒళ్ళు నీరసించింది. ఆ రోజు వినిపించిన ఆయన ఉపన్యాసం నాగరికతకు వచ్చిన సంకటాన్ని గురించి. అయినా మనిషి మీద నమ్మకం వదులుకోవడం పాపమనే భావంతో దాన్ని ముగించారు. నాలుగు నెలలకు ఆయన వెళ్ళిపోయారు. కొత్త సంవత్సరమంటే అంతా బాగున్నప్పుడు చేసుకునేదేం కాదని అప్పుడనిపించింది నాకు.

ఇదండీ ఎర్ర అంకె కథ. పాదుషా శిస్తు కోసం పెట్టిన రోజు, జమీందారు వసూలుకు వాడుకున్న రోజు, ఒక ప్రభుత్వం ఇచ్చి మరొకటి లాక్కున్న రోజు. దాన్ని నిలబెట్టింది మాత్రం పద్దు తీర్చిన మామూలు మనుషులు, రాత్రి దీపం పెట్టుకుని గామోసా నేసిన చేతులు, భయం పక్కనబెట్టి చెట్టు కింద పాడిన గొంతులు.

ఖరగ్‌పూరు రైల్వే కాలనీల్లో, అస్సాం తేయాకు తోటల్లో మన తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. మన ఊళ్ళలోనూ ఉద్యోగాలకొచ్చిన బెంగాలీలు, అస్సామీయులు ఉన్నారు. ఈసారి ఏప్రిల్ 14, 15 తేదీల్లో మీ వీధిలో అలాంటి ఇల్లుంటే ఒక గిన్నెలో ఏదైనా పట్టుకుని వెళ్ళండి. బెంగాలీవారితో "శుభో నబబర్షో" అంటే చాలు, వాళ్ళ మొహం వెలిగిపోతుంది. గిన్నె ఖాళీగా తిరిగి రాదని నేను హామీ ఇస్తున్నాను.

చివరిగా ఒక్క మాట. సెలవు అందరిదీ అయినప్పుడు ఇల్లాలిది మాత్రం ఎందుకు కాకూడదు? పండగనాడు ఒక పూట పొయ్యి పని ఇంట్లో అందరూ పంచుకుంటే, ఆ ఎర్ర అంకె మన లెక్కలోనూ ఎర్రగానే కనబడుతుంది. మా ఇంట్లో ఈ ఏడు ఈ సంగతి ఎత్తాను. మావారు పేపరు వెనకనుంచి "చూద్దాం" అన్నారు. పాత బాకీ కదా, తీరడానికి కొంచెం టైము పడుతుంది.